మరుగుపడిన ఎత్తులు
చెన్నపురి – హైదరాబాదు చదరంగ స్పర్ధ (1828–29)

శారదానదీ పరిసర గ్రామములకు చదరంగము క్రొత్త వేడుక కాదు. రావిచెట్టు చప్టాపైనను, దేవాలయ మండపపు బండలపైనను సుద్దతోనో బొగ్గుతోనో అరువదినాలుగు గళ్లు గీచి, పావులు చాలనిచోట చింతగింజలు పేర్చి ఆడినవారు ప్రతి గ్రామమునను గలరు. అనకాపల్లి సంతకు బెల్లపు దిమ్మెలు తోలుకొనిపోయి బేరము కుదురువరకు బండ్లనీడను కూర్చుండువారికి ఈ ఆటయే కాలక్షేపము. ఎవరు ఎవరిని గెలిచిరను ముచ్చట మూడు తరముల వరకు నిలిచియుండును. కాని ఎట్లు గెలిచిరని యడిగినచో చెప్పగలవాడు ఒక్కడును లేడు. ఏ గుఱ్ఱము ఎక్కడ దుమికెను, ఏ బంటు ఎప్పుడు బలియయ్యెను అను సంగతి, ఆట ముగిసి పావులు సంచిలో పడినతోడనే మాసిపోవును.

ఇది పల్లెటూరి లోపము మాత్రమే కాదు. రాజాస్థానములందును ఇట్లే జరిగినది. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచిన మేటియని బొడ్డుచర్ల తిమ్మన పేరు చాటుసంప్రదాయమున నిలిచియున్నది. ఆంధ్రదేశమున చదువుకొన్నవారిలో ఆ పేరు వినని వారు అరుదు. కాని తిమ్మన యాడిన ఆటలలో ఒక్కటియైనను, ఒక్క ఎత్తయినను నేడు లేదు. పొగడ్త దక్కినది, పని దక్కలేదు. కావ్యము పోయి కవి బిరుదము మాత్రము మిగిలినట్లయినది.

అట్టి దేశమున, తెలుగు నేలకు సంబంధించిన రెండు ఆటలు రమారమి రెండువందల యేండ్లనాడు అచ్చునకెక్కినవనుట ఆశ్చర్యకరము. అవియే 1828–29 సంవత్సరములలో చెన్నపురికిని హైదరాబాదునకును ఉత్తరముల ద్వారా జరిగిన స్పర్ధలోని ఆటలు. ఆ కథయు, అట్టి పాత ఆటలను తిరిగి వెలికిదీయు విధానమును, వానినుండి నేర్వదగిన సంగతులును ఈ వ్యాసమునకు విషయములు.

గ్రంథములందలి చదరంగము

చదరంగము పుట్టినిల్లు భారతదేశము. చతురంగ బలములను పేరే అందులకు సాక్ష్యము. మన గ్రంథకర్తలు ఈ ఆటను ఉపేక్షింపలేదు. కల్యాణి చాళుక్య ప్రభువగు సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములతోపాటు చతురంగక్రీడయు వర్ణింపబడినది. 17వ శతాబ్దమున నీలకంఠ భట్టు తన నీతిమయూఖమున దీని నియమములను వివరించెను.

1814లో బొంబాయినగరమున ఒక చిన్న పుస్తకము వెలువడినది. దానిని కూర్చినవాడు తిరువేంగడాచార్య శాస్త్రి. పేరు వినగానే ఏడుకొండలు స్ఫురించును. ఆయన సంస్కృతమున విలాసమణిమంజరి యను పేర రచించిన గ్రంథమునకు అది ఆంగ్లానువాదము. ఐరోపావారి ఆటపద్ధతికి అనుగుణముగా మార్చి, అభ్యాసకులకు బుద్ధిబలము పెంచునట్టి చిక్కు సన్నివేశములను అందు పొందుపరచినారు.

కాని ఈ గ్రంథములన్నిటిలోను ఒక కొరత కలదు. నియమములు గలవు, పావుల నడక గలదు, చిక్కుముడుల వంటి సన్నివేశములు గలవు. ఇద్దరు మనుష్యులు ఒకనాడు ఎదురెదురుగా కూర్చుండి, తప్పులతోను ఒప్పులతోను మొదటినుండి తుదివరకు నడపిన నిజమైన ఆట మాత్రము లేదు. నియమము వ్యాకరణము వంటిది. సన్నివేశము సమస్యాపూరణము వంటిది. ఆట యన్ననో కావ్యము వంటిది. వ్యాకరణమును సమస్యలను దాచుకొని కావ్యములను జారవిడిచిన జాతివలె మనము చదరంగ విషయమున వర్తించితిమి.

టపాలో నడచిన ఆట

1824లో లండను, ఎడింబరో నగరముల చదరంగ సమాజములు ఉత్తరముల ద్వారా ఆడ నారంభించినవి. అయిదు ఆటలు నాలుగేండ్లు సాగి 1828లో ముగిసినవి. ఎడింబరో రెండు గెలిచెను, లండను ఒకటి గెలిచెను, రెండు సమమయ్యెను. నేటికిని ఒక ప్రారంభ పద్ధతికి స్కాచి ఆట యని పేరు వచ్చుటకు ఆ స్పర్ధయే కారణము. అది ముగిసిన సంవత్సరముననే మన దక్షిణాపథమున చెన్నపురికిని హైదరాబాదునకును రెండు ఆటల స్పర్ధ మొదలయ్యెను. లండనుకును ఎడింబరోకును నడుమ దూరము నాలుగువందల మైళ్లు. చెన్నపురికిని హైదరాబాదునకును నడుమ దూరము కూడ ఇంచుమించు అంతే.

ఆ నాటి కాలపరిస్థితిని తలచుకొన్నగాని ఈ స్పర్ధ విలువ తెలియదు. హైదరాబాదున నిజాము సికందర్ జా పరిపాలించుచుండెను. స్పర్ధ సాగిన 1829వ సంవత్సరముననే ఆయన మరణించెను. ఆయన పేరనే సికందరాబాదు వెలసినది. చెన్నపురి కంపెనీవారి రాజధాని. రైలుబండి దక్షిణదేశమున అడుగిడినది 1856లో. తంతివార్తలును అప్పటికి లేవు. తపాలా బిళ్లలు దేశమంతటను వాడుకలోనికి వచ్చినది 1854లో. అందుచేత 1828లో ఒక ఎత్తు హైదరాబాదు చేరవలెనన్నచో అది టపా సంచిలో బంట్రోతు భుజముమీద ప్రయాణము చేయవలసినదే. మజిలీకి మజిలీకి మనిషి మారును. పినాకినిని దాటవలెను, కృష్ణను దాటవలెను. వానకాలమున ఏరు పొంగినచో పడవ ఆగును. పడవతో పాటు ఆటయు ఆగును. ఇక్కడ ఒక బంటు ఒక గడి జరిగెనని తెలియుటకు అక్కడివారు దినములకొలది ఎదురుచూడవలెను.

ఈ జాప్యమే ఆటలకు రక్షయైనది. ముఖాముఖి ఆడువారు పావును జరిపి ఊరకుందురు. ఉత్తరముద్వారా ఆడువారు ప్రతి ఎత్తును కాగితముపై పెట్టక తప్పదు. పంపినవారి వద్ద ఒక ప్రతి, అందుకొన్నవారి వద్ద ఒక ఉత్తరము, వెరసి రెండు సాక్ష్యములు. గ్రామపు లెక్కలలో చెల్లింపు పుచ్చుకొన్నవాని రసీదును, చెల్లించినవాని చిఠ్ఠాను సరిపోల్చినట్లు ఈ రెంటిని సరిపోల్చవచ్చును. తొందర లేనందున ఆలోచన పదునెక్కును. వ్రాత తప్పనిసరి యైనందున చరిత్ర నిలుచును.

స్పర్ధలో చెన్నపురి పక్షము రెండు ఆటలను గెలిచెను. ఆ పక్షమునకు ముఖ్య సూత్రధారి గులాం కాసిం అను భారతీయుడు. ఆయనయు, చెన్నపురి సివిలు సర్వీసునందలి జేమ్స్ కాక్రేన్ అను ఆంగ్లేయుడును కలిసి 1829లో చెన్నపురిలోనే ఒక పుస్తకమును ప్రకటించిరి. మ్యూజియో గాంబిటు అను ప్రారంభ పద్ధతి యొక్క పరిశీలనము అందు మొదటి భాగము. చెన్నపురి, హైదరాబాదుల రెండు ఆటలు వ్యాఖ్యానముతో సహా అందు రెండవ భాగము. ఒకే ఒక్క ప్రారంభ పద్ధతిని గూర్చి విడిగా వెలువడిన తొలి పుస్తకములలో ఇది యొకటి. ప్రపంచమున చదరంగ శాస్త్రమునకు పునాదులు పడుచున్న దినములలో ఒక పునాదిరాయి చెన్నపురి అచ్చుకూటమునుండి వచ్చినదన్నమాట. గులాం కాసిం 1844లో మరణించెను.

ఆ 1829వ సంవత్సరముననే, ఆ చెన్నపురిలోనే, అదే సివిలు సర్వీసునకు చెందిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. అంతకు మునుపే కర్నలు కాలిన్ మెకంజీ కావలి సోదరుల తోడ్పాటుతో గ్రామగ్రామమున కరణముల దండకవిలెలను వెదకించి కైఫీయతులు వ్రాయించెను. 1821లో మెకంజీ మరణించునప్పటికి ఆ సంపుటములు గుట్టలుగా పోగుపడినవి. నోటిలో ఆడుచున్నదానిని కాగితముమీదికి తెచ్చు పని ఆ కాలమున దక్షిణదేశమున ముమ్మరముగా సాగినది. పద్యము, శాసనము, గ్రామచరిత్ర, వీనితోపాటు చదరంగపు టెత్తును ఆ కాలువలోనే పడి మన వరకు ప్రవహించినది.

గులాం కాసిం ఎత్తు

ఇంతకును ఆ మ్యూజియో పద్ధతి యెట్టిది? చదరంగము తెలిసిన పాఠకులు పలక ముందుంచుకొని పావులు జరుపుచు చదివినచో రుచి తెలియును. ఇచట ఏనుగన్నచో మూలగడియందలి పావు, శకటన్నచో మూలవాటముగా నడచు పావు అని గ్రహింపవలెను.

తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్లు జరుపుదురు, నల్లవారును అట్లే చేయుదురు. తెల్లవారు రాజువైపు శకటు ముందరి బంటును రెండు గళ్లు జరిపి ఎరగా పెట్టుదురు, నల్లవారు దానిని తినివేయుదురు. తెల్లవారు రాజువైపు గుఱ్ఱమును బయటికి తెత్తురు. నల్లవారు తిన్న బంటును నిలుపుకొనుటకై రాజువైపు గుఱ్ఱము ముందరి బంటును రెండు గళ్లు నడపుదురు. తెల్లవారు రాజువైపు శకటును నాలుగవ వరుసకు తెచ్చి నల్లరాజు చెంతనున్న బలహీనపు గడిపై గురిపెట్టుదురు. ఆ గడికి కావలి రాజొక్కడే. అప్పుడు నల్లవారు ఆ గుఱ్ఱపు బంటును మరియొక గడి ముందుకు తోసి తెల్లగుఱ్ఱమును బెదరింతురు.

ఇచట లోకసామాన్యుడు గుఱ్ఱమును తప్పించును. మ్యూజియో పద్ధతివాడు తప్పింపడు. గుఱ్ఱమును చావనిచ్చి తన రాజును కోటలోనికి పంపును. నల్లబంటు గుఱ్ఱమును తినగానే తెల్లమంత్రి ఆ బంటును తిని నిలుచును. లెక్క చూచినచో బంట్లు సమముగా పోయినవి, తెల్లవారికి ఒక గుఱ్ఱము నష్టము. కాని మంత్రి, దాని వెనుక కోటనుండి వచ్చిన ఏనుగు, ప్రక్కన శకటు, మూడును ఒక్క నల్లరాజు వాకిటిపై గురిపెట్టి నిలిచినవి. నల్లవారి పావులో, ఇంకను పుట్టిన గళ్లలోనే నిద్రించుచున్నవి. ధనము నల్లవారిది, కాలము తెల్లవారిది. వడ్డీకి ఇచ్చిన సొమ్ము గడువులోపల వసూలు కాకున్న అసలుకే మోసము. ఆ గడువులోపల వసూలు చేయగలడా లేడా యనునదే ఈ పద్ధతిలోని రసవత్తరమగు ప్రశ్న.

గులాం కాసిం పేరు చదరంగ గ్రంథములలో నేటికిని నిలిచియుండుటకు కారణమైన ఎత్తు ఇచటనే కలదు. గుఱ్ఱము ఆపదలో నున్నప్పుడు రాజును కోటలోనికి పంపుటకు మారుగా, మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడపుట. దీనికి గులాం కాసిం గాంబిటని పేరు. గుణదోషములను విచారింతము. రెండు బంట్లు ప్రక్కప్రక్కన నిలిచి పలక నడుమ భాగమును ఆక్రమించును. మంత్రివైపు శకటునకు దారి తెరచుకొని, నల్లవారు మొదట తిన్న బంటుపై ఒత్తిడి హెచ్చును. ఇవి గుణములు. తెల్లరాజు నడివీధిలోనే నిలిచిపోవును, ఏనుగు యుద్ధమునకు ఆలస్యముగా వచ్చును. ఇవి దోషములు. నల్లవారికి మంచి ప్రతిక్రియ యొకటి కలదు. గుఱ్ఱమును తిని, తెల్లమంత్రి ఆ బంటును తినగానే, తామును మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడపి దానిని బలియిచ్చుట. తెల్లశకటు దానిని తినును. నల్లవారు రాజువైపు గుఱ్ఱమును దుమికించి ఆ శకటునే బెదరింతురు. ఒక్క బంటు ఖర్చుతో మూసియున్న శకటు దారి తెరచుకొనును, గుఱ్ఱము మేలుకొనును, తెల్లవారి వేగము తగ్గును. అందుచేతనే కోటలోనికి పోవు ఎత్తుకంటె ఇది కొంత బలహీనమని తరువాతివారు తేల్చిరి.

దేశీయ చదరంగమున రాజునకు కోట లేదు. ఒక్కసారి మాత్రము గుఱ్ఱపు దుముకు దుమికి తొలగిపోవు అధికారము గలదు. కోటను నమ్ముకొనని ఈ ఎత్తు దేశీయ పద్ధతిలో చేయి తిరిగినవానికి సహజముగా తోచియుండునని ఊహింపవచ్చును. అయినను ఊహను ఊహగానే ఉంచవలెను. ఆయన పుస్తకము ప్రధానముగా మ్యూజియో పద్ధతిని గూర్చినదే. కోటయెత్తు బలమెరుగనివాడు అట్టి పుస్తకము వ్రాయజాలడు.

పాత ఆటలను వెలికిదీయు విధము

పాత ఆట దొరకినంత మాత్రమున పని ముగియదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించునప్పుడు ఎంత ఓపిక కావలెనో దీనికిని అంత కావలెను. ఆ కాలపు ఆంగ్లేయులు గళ్లకు నేటివలె అక్షరములు, అంకెలు వాడలేదు. రాజు గుఱ్ఱము, మంత్రి శకటు, ఫలానా పావు మూడవ గడి యని వర్ణించి వ్రాసెడివారు. గళ్లను తెల్లవారు తమ వైపునుండి, నల్లవారు తమ వైపునుండి లెక్కింతురు. ఒకే గడికి రెండు పేర్లు. బంటు బంటును తినెనని మాత్రము వ్రాసినచో, తినదగిన బంట్లు రెండున్నప్పుడు ఏది తినెనో తెలియదు.

అప్పుడు చేయవలసినది ఒక్కటే. పలకపై ఆటను మొదటినుండి ఆడి చూడవలెను. రెండు అర్థములలో ఏది పట్టినచో తరువాతి ఎత్తులన్నియు నియమబద్ధముగా నడచునో అదియే సరియైన పాఠము. పదునాలుగవ ఎత్తులో సందేహమును ఇరువదవ ఎత్తు తీర్చును. చిఠ్ఠాలో చెరిగిన అంకెను అడుగున వేసిన మొత్తమునుబట్టి సరిచేయుటకును దీనికిని భేదము లేదు. ఎవరును చేయని తెలివిమాలిన ఎత్తు ఒకటి నడుమ కనబడినచో, ఆడినవానిని నిందించుటకు ముందు వ్రాసినవానిని, అచ్చువేసినవానిని అనుమానింపవలెను.

పేర్ల విషయమున మరింత జాగ్రత్త కావలెను. మ్యూజియో అను పేరే ఇందులకు ఉదాహరణము. 17వ శతాబ్దమున ఇటలీదేశపు గ్రంథకర్త సాల్వియో ఈ ఆటను ప్రకటించుచు, దీనిని జిరోలమో కాషో అనువాడు ఆడగా చూచినట్లు మ్యూజియో అనువాడు తనకు చెప్పెనని వ్రాసెను. 1813లో లండనులో శారట్టు ఆ గ్రంథమును ఆంగ్లీకరించునపుడు పొరబడి, చెప్పినవానినే ఆడినవానిగా చేసెను. నాటినుండి ఆడిన కాషో మరుగునపడి, కబురు తెచ్చిన మ్యూజియో పేరు శాశ్వతమయ్యెను. ఒక అనువాదకుని పొరపాటు రెండు శతాబ్దములకు పైగా దిద్దుబాటునకు లొంగలేదు.

మన కథలోనే మరియొక చిక్కు కలదు. కాక్రేన్ అను పేరుగలవారు ఇద్దరు. గులాం కాసింతో పుస్తకము వ్రాసిన జేమ్స్ కాక్రేన్ చెన్నపురి సివిలు ఉద్యోగి. కలకత్తాలో ప్రఖ్యాతిగాంచిన చదరంగవీరుడు జాన్ కాక్రేన్ న్యాయవాది. ఇద్దరును ఆంగ్లేయ ప్రభుత్వకాలమున భారతదేశమున నుండినవారే. వీరిని ఒకనిగా కలిపివేసినచో చెన్నపురి గౌరవము కలకత్తా ఖాతాలో జమపడును.

కలకత్తా ఆట – ఒక పరిశీలనము

ఆ జాన్ కాక్రేన్ కథ కూడ మనకు ప్రయోజనకరము. 1848 ప్రాంతమున కలకత్తా చదరంగ సమాజమువారికి పల్లెటూర ఓటమి యెరుగని బ్రాహ్మణుడొకడు గలడని తెలిసినది. ఆయనయే మహేశచంద్ర బంద్యోపాధ్యాయుడు. దేశీయ పద్ధతిలో ఆరితేరిన ఆయనను కలకత్తాకు రప్పించిరి. నాటినుండి కాక్రేన్ ఆయనతో యేండ్ల తరబడి ఆడెను. ఆ ఆటలు వందలకొలది నేటికిని దొరకుచున్నవి. దొరకుటకు కారణము వ్రాసియుంచుటయు, ఇంగ్లండు పత్రికలకు పంపుటయు.

వానిలో 1855 మే నెలలోని ఆట యొకటి లోకప్రసిద్ధము. కాక్రేన్ తెలుపు, మహేశచంద్రుడు నలుపు. తెల్లవారు మంత్రి బంటును, దాని ప్రక్కనున్న శకటు బంటును రెండేసి గళ్లు నడపిరి. మహేశచంద్రుడు పోటీకి బంట్లను తోయక ముందు గుఱ్ఱమును తెచ్చి, గుఱ్ఱపు బంటును ఒక్క గడి నడపి, ఆ సందున శకటును నిలిపి, నడుమ మంత్రి బంటుతో ఎదుర్కొనెను. దేశీయ పద్ధతిలో బంటు తొలియెత్తున ఒక్క గడియే నడచును. ఆ అలవాటు ఈ నెమ్మది కట్టుబాటులో కనబడుచున్నది. ఈ పద్ధతియే 1922లో వియన్నా నగరవాసియగు గ్రూన్‌ఫెల్డు పేర ప్రసిద్ధికెక్కెను. దొరకినంతలో దానికి మొదటి ఉదాహరణము మహేశచంద్రుని ఈ ఆటయే. అరువదియేడేండ్ల ముందే కలకత్తాలో ఆడినది ఐరోపాలో క్రొత్తదిగా వెలసినది.

ఆట మహేశచంద్రుడు ఓడెను. ఎచట ఓడెనో చూతము. పదుమూడవ ఎత్తున తెల్లశకటు అంచునకు వచ్చి నల్లరాజువైపు బంటుపై గురిపెట్టెను. నల్లమంత్రి బయటికి వచ్చి ఆ శకటునే బెదరించెను. పదునాలుగవ ఎత్తున తెల్లమంత్రి ఒకే అడుగుతో తన శకటునకు అండగా నిలిచి, వేరొకవైపు నల్లరాజు చెంతగల బలహీనపు గడిపైకి చూపు సారించెను. అప్పుడు నల్లవారు బెదరిన బంటును కాచుటకై ఏనుగును ఒక గడి ప్రక్కకు జరిపిరి. ఓటమికి విత్తనము ఇదియే. ఆ ఏనుగు వదలివచ్చిన చోటు ఆ బలహీనపు గడికి కాపలా. ఒక వాకిలి కాయబోయి మరియొక వాకిలి తెరచినట్లయినది.

పిమ్మట తెల్లయేనుగు రెండుమార్లు నల్లమంత్రిని తరుమగా అది పుట్టినింటికి చేరినది. పదునేడవ ఎత్తున తెల్లగుఱ్ఱము ముందుకు దుమికెను. ఒక్క దుముకుతో రెండు బెదరింపులు. గుఱ్ఱము తొలగినందున తెల్లశకటునకు ఎదుటి శకటును తిను దారి తెరచుకొన్నది, గుఱ్ఱము, మంత్రి కలిసి బలహీనపు గడిని పట్టుకొన్నవి. నల్లవారు తెల్లశకటును తినిరి. తెల్లగుఱ్ఱము ఆ గడిలోని బంటును తినెను. రాజు దానిని తినజాలడు, వెనుక మంత్రి కాపు కలదు. నల్లగుఱ్ఱము తెల్లమంత్రిని బెదరించెను. కాని అప్పటికే మూడెత్తులలో ఆటకట్టు సిద్ధముగా నున్నది. గుఱ్ఱము అంచునకు దుమికినంతనే గుఱ్ఱమునుండి ఒకటి, వెనుకనున్న మంత్రినుండి ఒకటి, రాజుపై ఏకకాలమున రెండు దెబ్బలు. రాజు మూలకు పోవును. తెల్లమంత్రి రాజు ప్రక్కనే దిగి ప్రాణము బలియిచ్చును. నల్లయేనుగు దానిని తినక తప్పదు. తినగానే రాజునకు కదల చోటు లేకుండ తనవారే చుట్టుముట్టి యుందురు. గుఱ్ఱము వెనుకకు దుమికి ఆట కట్టును.

ఓడిన ఈ ఆటయే మహేశచంద్రుని చిరంజీవిని చేసినది. గెలిచిన తిమ్మన ఆట లేదు, ఓడిన మహేశచంద్రుని ఆట కలదు. అట్లే హైదరాబాదువారు రెండు ఆటలు ఓడినను, ఓటమి అచ్చుపడినందున ఆ నగరము పేరు ప్రపంచ చదరంగ చరిత్రలో శాశ్వతముగా నిలిచినది. ఓటమిని వ్రాయుట సిగ్గనుకొనువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

వ్రాయసకాని పుణ్యము

1834లో లండనులో ఫ్రాన్సుదేశపు లా బూర్డొనేకును ఐర్లండు వాసియగు మక్‌డానల్‌కును ఘనమైన స్పర్ధ జరిగినది. నేడు ఎనుబదియైదు ఆటలు దొరకుచున్నవి. గులాం కాసిం విచారించిన ఆ గుఱ్ఱపు బలి పద్ధతి అందును ఆడబడినది. ఆ ఆటలు నిలుచుటకు కారణము ఆడిన ఇద్దరు మహావీరులు కారు. ప్రక్కన కూర్చుండి ప్రతి ఎత్తును కాగితముపై పెట్టిన విలియం గ్రీన్‌వుడ్ వాకర్ అను సమాజ కార్యదర్శి. మక్‌డానల్ 1835లో మరణింపగా, 1836లో వాకర్ ఆయన ఆటలను ఏర్చికూర్చి అచ్చువేయించెను. ఆడినవారికి ప్రతిభ కలదు, వ్రాసినవానికి ఓపిక కలదు. కాలము రెంటిని సమానముగా తూచినది.

నేడు తెలుగువారు ఈ ఆటలో జగద్విఖ్యాతులైరి. గుంటూరున 1986లో పుట్టిన పెంటేల హరికృష్ణ, గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి, వరంగల్లున 2003లో పుట్టిన ఎరిగైసి అర్జున్ గ్రాండుమాస్టరు బిరుదము పొందిరి. హంపి 2019లోను, 2024లోను మహిళల రాపిడ్ చదరంగమున ప్రపంచ విజేతయయ్యెను. తెలుగు కుటుంబమున చెన్నపురిలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరున ప్రపంచ విజేతయై, ఆ పదవి నధిష్ఠించిన వారిలో మిక్కిలి పిన్నవయస్కుడను కీర్తి గాంచెను. వీరి ప్రతి ఎత్తును ఆడిన నిమిషముననే లోకమంతయు చూచుచున్నది. రెండువందల యేండ్లనాడు పినాకిని రేవున పడవకై కాచుకొన్న ఎత్తు నేడు కనురెప్పపాటులో సముద్రములు దాటుచున్నది.

అయినను పల్లెటూరి అరుగుమీది ఆట సంగతి మాత్రము నాటివలెనే యున్నది. దానిని వ్రాయువాడు లేడు. 2022 ఏప్రిలున అనకాపల్లి జిల్లాకేంద్రమయ్యెను. జిల్లాకు కచేరీలు వచ్చినవి, దస్త్రములు వచ్చినవి. గ్రామమున బుద్ధిబలముతో ఆడిన ఆటకు మాత్రము దస్త్రము లేదు. దీనిని కల్పించుటకు ధనము అక్కరలేదు. గ్రంథాలయమున ఒక చదరంగపు పలక, దాని ప్రక్కన గీతలు గీచిన ఒక పుస్తకము, దానికి కట్టిన ఒక కలము చాలును. ఆడినవారు తమ ఎత్తులను, తేదీని, పేర్లను అందు వ్రాసి సంతకములు చేయవలెను. ఓడినవాడు మొదట సంతకము చేయు నియమము పెట్టినచో మరియు మంచిది.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమైనప్పుడు వారి సంకల్పము, చదువదగినది పల్లెకు చేర్చవలెననునది. ఆ సంకల్పము చాలవరకు నెరవేరినది. దానికి రెండవ సగము మిగిలియున్నది. పల్లెలో జరిగినది చదువదగినదిగా చేయుట ఆ రెండవ సగము. ఇరువదియైదు వత్సరములు ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచిన ఈ గ్రంథాలయము, రానున్న ఇరువదియైదు వత్సరములలో తన గ్రామస్థులు వ్రాసినదానిని కూడ భద్రపరచుగాక. స్వర్ణోత్సవము నాటికి ఆ గీతల పుస్తకమును తెరచి, మన మనుమలు పలకపై పావులు పేర్చి, వారి తాతల ఎత్తులను మరల ఆడి చూతురుగాక.